ఆడినవాళ్ళ చేతికే డబ్బు

పూల్ హాల్లో పందొమ్మిదేళ్ళు కౌంటరు మీద కూర్చున్నానని చెబితే మనవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. "అయ్యో, అదేం ఖర్మండీ" అని ఒకావిడ నా చెయ్యి పట్టుకుని మరీ జాలిపడింది. ఆవిడ ఊహలో నేను సిగరెట్ పొగలో తాగుబోతుల మధ్య ఖాళీ గ్లాసులు ఏరుతూ బతికి ఉంటాను. మా హాల్లో పొగ లేదు. బీరు తప్ప మరొకటి అమ్మలేదు. అంతకుముందు తెనాలిలో సహకార బ్యాంకులో క్యాష్ కౌంటరు మీద పదకొండేళ్ళు చేశాను. అమెరికాలో ఈ బెంటన్‌విల్ వచ్చాక పక్క ఊళ్ళో ఈ పని దొరికింది, చేశాను. నాకెవరి జాలీ అక్కర్లేదు. నా కోపం వేరే చోట ఉంది, అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలూ, వీసా మీద కొత్తగా వచ్చినవాళ్ళూ చదువుతారని రాస్తున్నాను.

పూల్ అంటే మీకు తెలిసింది శుక్రవారం సాయంత్రం ఆఫీసు జనంతో వెళ్ళి, పిజ్జా తింటూ నాలుగు రంగు బంతుల్ని కొట్టి రావడం. అది కాక ఇంకొకటుంది. క్యూ కర్రను పెట్టెలో పెట్టుకుని ఊరూరూ తిరుగుతూ పందెం ఆడి బతికేవాళ్ళది. మా హాలుకు అలాంటివాళ్ళు నెలకు ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్ళు. ఒకాయన ఎండాకాలంలో కూడా ఊదారంగు కోటు విప్పేవాడు కాదు. ఇంకొకాయన వ్యానులోనే పడుకునేవాడు, వ్యానులో చిలకను పెంచేవాడు. ఆట దొరక్కపోతే నా గ్లాసులో ఐసు ముక్క ఎంతసేపటికి కరుగుతుందనే దాని మీద కూడా పందెం కట్టేవాళ్ళు. ఇదంతా చట్టానికి నచ్చే వ్యవహారం కాదు. ఆ సంగతి మా ఓనరుకూ తెలుసు, నాకూ తెలుసు, దాచను. కానీ చట్టం ఒప్పుకోని చోట మాట మీద నిలబడటం తప్ప దిక్కులేదు. అందుకని వాళ్ళ పద్ధతులు చాలా గట్టిగా ఉండేవి.

పద్ధతి ఏమిటంటే, పందెం డబ్బు ఆటకు ముందే రెండు వైపులవాళ్ళూ ఒక మూడో మనిషి చేతిలో పెడతారు. మా హాల్లో ఆ మూడో మనిషిని నేను. మా ఓనరు ఒకప్పుడు పేరున్న ఆటగాడు. చేతులు వణకడం మొదలయ్యాక హాలు పెట్టుకున్నాడు. నేను చేరిన రెండో ఏడు ఒక రాత్రి గల్లాపెట్టెలో పన్నెండు డాలర్లు ఎక్కువ వచ్చాయని పొద్దున్నే ఆయనకు ఫోన్ చేశాను. అప్పటి నుంచీ నన్ను "బాస్" అనడం మొదలుపెట్టాడు. పందెం డబ్బు నా దగ్గరే పెట్టించాడు. ఆటగాళ్ళిద్దరినీ కౌంటరు ముందు నిలబెట్టి, డబ్బు ఎవరిది, ఆడేది ఎవరు, ఎన్ని గేములు అన్నది నేను పైకి చెప్పేదాన్ని. అందరూ వినేవాళ్ళు. అంతే, కాగితం లేదు. ఆట అయ్యాక ఓడినవాడు వచ్చి తన నోటితో "ఇచ్చెయ్యండి" అంటాడు. అప్పుడు గెలిచిన వైపు, డబ్బు తమదని చెప్పుకున్నవాళ్ళకు ఇస్తాను.

ఇంకొక ఆచారం కూడా ఉంది. ఓడినవాడి జేబు పూర్తిగా ఖాళీ అయితే, ఇంటికి చేరడానికి పెట్రోలుకీ తిండికీ గెలిచినవాడు తన గెలుపులోంచి కొంత తీసి ఇస్తాడు. ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ మనిషితో మళ్ళీ ఎవరూ ఆడరు.

ఇక నేను చెప్పాలనుకున్న అమ్మాయి సంగతి. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, ఇరవై మూడేళ్ళు. కాలేజీ మధ్యలో మానేసింది, ఆ కారణంగా ఇంట్లో మాటలు తగ్గాయి. పొద్దున్నే కాఫీ షాపులో పని, మధ్యాహ్నం నుంచీ మా హాల్లో ప్రాక్టీసు. మా ఓనరు ఆమె ఆటను ఒక గంట చూసి నా దగ్గరికి వచ్చి, "బాస్, నా జీవితంలో ఇలాంటి చెయ్యి నాలుగుసార్లు చూశాను" అన్నాడు. ఆయన పొగిడే మనిషి కాదు.

కానీ పెద్ద పందేలు ఆడటానికి ఆమె దగ్గర డబ్బు లేదు. ఇలాంటివాళ్ళకు వెనక ఒక పెట్టుబడిదారు ఉంటాడు. డబ్బు ఆయన పెడతాడు. ఓడితే ఆయన పోగొట్టుకుంటాడు, గెలిస్తే ఇద్దరూ చెరిసగం పంచుకుంటారు. ఈ అమ్మాయికి దొరికినాయన మనవాడే. బెంటన్‌విల్‌లో కన్సల్టెన్సీ నడుపుతాడు. ఇండియా నుంచి హెచ్1బీ వీసా మీద కుర్రాళ్ళను తెప్పించి పెద్ద కంపెనీలకు కాంట్రాక్టు మీద పంపుతాడు. నలభై అయిదేళ్ళుంటాయి. నవ్వుమొహం. నన్ను "ఆంటీ" అని నోరారా పిలిచేవాడు, దీపావళికి పూతరేకులు తెచ్చిచ్చేవాడు. శుక్రవారం సాయంత్రం మా టేబుళ్ళలో సగం ఆయన ఉద్యోగులతోనే నిండేవి.

పెట్టుబడిదారులకు ఇంకొక షరతు ఉంటుంది. ముందు ఓడిన డబ్బు తర్వాతి గెలుపుల్లోంచి తీర్చాకే పంపకం. దాన్ని మేకప్ అంటారు. ఆ షరతులో అన్యాయం లేదు, లెక్క నిజమైతే. అమ్మాయి మొదటి రెండు ఆటలు ఓడింది, మొత్తం మూడు వేల ఐదు వందలు. తర్వాత వరసగా మూడు గెలిచింది, నాలుగు వేల ఐదు వందలు. అయిదు ఆటల డబ్బూ నా చేతిమీదుగానే వెళ్ళింది కనుక నాకు తెలుసు. ఆ గెలుపుల్లో ఒక్క డాలరూ ఆమెకు రాలేదు. పైగా మూడుసార్లూ ఆయన డబ్బు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఓడినవాళ్ళకు దారి ఖర్చు ఇవ్వలేదు. చెడ్డపేరు ఆమెకు వచ్చింది.

ఒక మధ్యాహ్నం కౌంటరు దగ్గర నిలబడి అడిగింది. "ఆంటీ, ఇది ఫెయిర్ కాదు కదా? ఐ మీన్, నేను విన్ అయింది మూడు. నాకు వచ్చింది నథింగ్. అతను ఇంకా సిక్స్ థౌజండ్ ఉంది అంటున్నాడు."

"ఆరు వేలా? దేనికి?"

"హోటల్ అంట, ఫుడ్ అంట. మేనేజ్‌మెంట్ అంట. నాకు తెలీదు. ఏప్రిల్‌లో నేను ప్రో టూర్ ఆడాలి ఆంటీ. ఎంట్రీ, ఫ్లైట్ అన్నీ కలిపి త్రీ థౌజండ్ పైన అవుద్ది. లాస్ట్ ఇయర్ కూడా వెళ్ళలేదు. ఈసారి కూడా వెళ్ళకపోతే ఇంక నేను ఏం ప్లేయర్?"

ఆయన వచ్చినప్పుడు మాటల్లో మాటగా కదిపాను. ఆయన నొచ్చుకోలేదు, నవ్వాడు. "ఆంటీ, మా కన్సల్టెంట్స్‌కి కూడా ఇంతేనండీ. ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉన్నప్పుడు పోషించేది ఎవరు? మేమే కదా. ప్రాజెక్ట్ రాగానే మొత్తం నాదే అంటే ఎలా?"

"ఈ అమ్మాయి మీ బెంచ్ మీద లేదు. కాఫీ షాపులో పనిచేసి తన తిండి తను తింటోంది."

"మీకు బిజినెస్ తెలీదులెండి" అన్నాడు, పూతరేకుల డబ్బా నా వైపు జరుపుతూ. ఆ డబ్బా నేను ముట్టుకోలేదు.

పెద్ద ఆట నవంబరు మొదటి శనివారం, ఆదివారం. కోవిడ్ తగ్గి హాలు మళ్ళీ నిండటం మొదలైన కాలం. ఓక్లహోమా నుంచి ఒక ఆటగాడు వచ్చాడు. యాభై దాటినవాడు, ఎడమ మోకాలు కుంటు, మాటలు తక్కువ. మనిషికి ఎనిమిది వేలు. ముందు యాభై గేములు గెలిచినవాళ్ళది పందెం. ఆయన వెనక పెట్టుబడిదారు ఎవరూ లేరు. ఉన్నదంతా ఊడ్చి తెచ్చుకున్నాడు.

శనివారం పొద్దున డబ్బు పెట్టే వేళకు మన కన్సల్టెన్సీ ఆయన కవరు నా చేతికిచ్చి, నన్ను పక్కకు పిలిచాడు.

"ఆంటీ, నా పేరు పైకి చెప్పకండి. గ్రీన్ కార్డ్ లాస్ట్ స్టేజ్‌లో ఉంది. ఎవడో వీడియో తీసి ఎక్కడో పెడతాడు. మా ఆవిడకు తెలిస్తే అది వేరే కథ. డబ్బు అమ్మాయిదేనని చెప్పేయండి."

"అమ్మాయిదేనని చెప్పమంటారా?"

"అవునండీ."

"బాగా ఆలోచించుకున్నారా? ఇక్కడ ఒకసారి చెప్పాక మార్చను."

"చెప్పండి ఆంటీ, టైమ్ అవుతోంది" అన్నాడు ఫోను చూసుకుంటూ.

అందరి ముందూ అలాగే చెప్పాను. డబ్బు ఈ అమ్మాయిది, ఆడేది ఈ అమ్మాయి, యాభై గేములు. ఆ మాట విని అమ్మాయి తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆయన కన్నుకొట్టాడు.

ఆట గురించి ఎక్కువ రాయను. నేను కౌంటరులో ఉండేదాన్ని, సగం చెవులతోనే తెలుసుకున్నాను. శనివారం ఆమె అయిదు గేములు వెనకబడింది. ఆదివారం మధ్యాహ్నానికి సమం చేసింది. ఇలాంటి ఆటలో చూసేవాళ్ళు నోరు మెదపరు, అది కూడా పద్ధతే. మన కన్సల్టెన్సీ ఆయన మాత్రం ఆమె వంగి గురి చూస్తుండగా ఫోన్లో ఎవరితోనో "ఆ రెజ్యూమె మార్చి పంపండి, ఎనిమిదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ అని పెట్టండి" అంటున్నాడు. మా ఓనరు వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసి బయటకు తలుపు చూపించాల్సి వచ్చింది.

గెలిచిన గేములు ఆమెకు నలభై తొమ్మిది, ఓక్లహోమా ఆయనకు నలభై ఆరు. చివరి గేములో ఆమెకు సూటి దెబ్బ లేదు. బలంగా కొట్టి అదృష్టం చూసుకునేవాళ్ళే ఎక్కువ. ఆమె కొట్టలేదు. తెల్ల బంతిని మెల్లగా దొర్లించి ఇంకో బంతి వెనక దాచేసింది. ఓక్లహోమా ఆయన చాలాసేపు టేబులు చుట్టూ కుంటుకుంటూ తిరిగాడు. దారి దొరకలేదు. కొట్టాడు, తగల్లేదు. తర్వాత మిగిలిన బంతులన్నీ ఆమె ఒకదాని తర్వాత ఒకటి పడేసింది. హాల్లో గొంతులు ఒక్కసారి లేచాయి.

ఆయన క్యూ కర్రను టేబులు మీద పెట్టి, ఆమెతో చెయ్యి కలిపి, నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, ఆ అమ్మాయికి ఇచ్చెయ్యండి" అన్నాడు. ఎనిమిది వేలు పోయిన మనిషి అన్న మాట అది. ఆ తర్వాత తన సామాను సర్దుకోవడానికి వెళ్ళాడు.

ఆయన అటు తిరిగాడో లేదో కౌంటరు మీదికి మన కన్సల్టెన్సీ ఆయన చెయ్యి వచ్చింది.

"ఇటివ్వండి ఆంటీ."

"అమ్మాయి రానీయండి."

"అమ్మాయి ఎందుకండీ? డబ్బు నాది కదా."

"నిన్న ఎవరిదని చెప్పించారు?"

"అది ఊరికే, ఫార్మాలిటీ. మీరు మరీనూ."

"నేను ఈ కౌంటరులో ఊరికే ఏదీ చెప్పను."

ఆయన గొంతు తగ్గించాడు. "ఆంటీ, ఆ ముసలాయనకి దారి ఖర్చులని ఐదు వందలు ఇస్తానంటోంది. ఓడినవాడికి ఎదురు కట్నమా? రేపు నా క్లయింట్ ప్రాజెక్ట్ క్యాన్సిల్ చేస్తే నాకెవడిస్తాడు గ్యాస్ డబ్బులు? ఇచ్చేయండి, మనలో మనకెందుకు ఇదంతా."

నాకు ఒళ్ళు మండింది. ఆరు వేలు తీరలేదంటూ ఆ పిల్ల నోరు కట్టేసిన మనిషి, ఇప్పుడు ఆమె మర్యాదకు కూడా ధర కడుతున్నాడు. మా ఓనరు దగ్గరికి వచ్చి, ఏమంటున్నాడని ఇంగ్లిషులో అడిగాడు.

"డబ్బు తనదంటున్నాడు."

"నిన్న ఆయనదేనా?"

"నిన్న కాదు."

శుక్రవారాల రాబడి ఓనరు కళ్ళ ముందు తిరిగిందని నాకు తెలుసు. ఆ మాట దాచలేదు కూడా. "వీళ్ళ శుక్రవారాలు పోతాయి బాస్" అన్నాడు. వెంటనే, "కౌంటరు నీది" అని కాఫీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మాయి చేతులకంటిన నీలం సుద్ద కడుక్కుని వచ్చింది. పదహారు వేలూ ఆమె ముందు పెట్టాను.

"గుడ్ గర్ల్. ఇటిచ్చెయ్, లేటవుతోంది" అన్నాడు ఆయన.

ఆమె ముందుగా ఐదు వందలు విడిగా తీసింది. తలుపు దగ్గర ఉన్న ఓక్లహోమా ఆయనకు తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన వద్దనలేదు. వద్దనడం అక్కడ మర్యాద కాదు. టోపీ అంచు తాకి, "ఎప్పుడు ఆడాలనుకున్నా కబురు చెయ్యి" అన్నాడు. ఆమె తిరిగొచ్చి మిగతా డబ్బు రెండు భాగాలు చేసింది. ఒకటి కన్సల్టెన్సీ ఆయన వైపు తోసింది. ఆయన పెట్టిన ఎనిమిది వేలు, దానిపైన గెలుపులో సగం.

ఆయన గబగబా లెక్కపెట్టుకున్నాడు. "మిగతాది?"

"మిగతాది నాది అంకుల్."

"మేకప్? హోటల్ బిల్లులున్నాయి. డిన్నర్లున్నాయి. డల్లాస్‌లో ఒక్క స్టీక్‌హౌస్ బిల్లే నాలుగు వందలయింది, నీ పేరు మీదే ఉంది."

"నేను వెజిటేరియన్ అంకుల్."

పక్క టేబులు దగ్గర ఆయన ఉద్యోగులు నలుగురున్నారు. వాళ్ళలో ఒకడికి నవ్వు ఆగక దగ్గు వచ్చినట్టు నటించాడు. ఆయన మొహం ఎర్రబడింది. "చూస్తాను. ఇంకెవడు నీ వెనక డబ్బు పెడతాడో నేనూ చూస్తాను" అని తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. అమ్మాయికి మంచినీళ్ళిచ్చాను.

ఆ దగ్గిన కుర్రాడు బిల్లు కట్టడానికి వచ్చి మెల్లగా అన్నాడు, "మా జీతాలు కూడా ఇక మీ కౌంటరులోనే ఇప్పించండి ఆంటీ, పుణ్యముంటుంది."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. వాడి మొహంలో నవ్వు లేదు.

ఆయన అన్నంత పనీ చేశాడు. ఆ అమ్మాయి తన డబ్బు కొట్టేసిందని, కౌంటరు ముసలావిడ ఆమెతో కుమ్మక్కయిందని మిస్సోరి వరకూ ఉన్న హాళ్ళన్నిటికీ కబురు పాకింది. శుక్రవారం జనం బౌలింగ్‌కు మారారు. జనవరి నుంచి నాకు వారానికి ఆరు గంటల పని తగ్గింది. అది పెద్ద విషయం కాదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటే. ఆ ఆదివారం హాల్లో ముప్ఫైమంది దాకా ఉన్నారు. నేను పైకి చెప్పిన మాట విన్నారు, ఆమె లెక్క కట్టి ఇవ్వడం చూశారు. వాళ్ళలో ఒక్కరూ, ముఖ్యంగా మనవాళ్ళు, ఆ అబద్ధాన్ని ఖండించలేదు. "పెద్దాయనతో మనకెందుకండీ, వీసా ఆయన చేతిలో ఉంది" అన్నారు కొందరు. ఆయన చేతిలో వీసా లేనివాళ్ళు ఏమీ అనలేదు, ఎందుకో వాళ్ళకే తెలియాలి. అయిదు వందలు తీసుకున్న ఓక్లహోమా ఆయన ఒక్కడే ఆగిన ప్రతి హాల్లోనూ జరిగింది జరిగినట్టు చెప్పాడని తర్వాత తెలిసింది. జూదగాడు చెప్పాడు. పూజలకూ పాటల పోటీలకూ చందాలిచ్చే మర్యాదస్తులు చెప్పలేదు.

పోయిన నెల మన అసోసియేషన్ కార్యక్రమంలో ఆ కన్సల్టెన్సీ ఆయనకు శాలువా కప్పారు. మైకు పట్టుకున్నావిడ "మన అమ్మాయిని ప్రొఫెషనల్ పూల్ ప్లేయర్‌గా తీర్చిదిద్దిన దాత" అంది. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్నాయన, ఆ ఆదివారం హాల్లో ఉన్నవాడే, ఆయన కూడా కొట్టాడు. "మీకు తెలియదా?" అని అడిగాను. "వదిలేయండి ఆంటీ, పాత సంగతి" అన్నాడు. నేను లేచి భోజనాల హాల్లోకి వెళ్ళిపోయాను. స్టేజి మీదికి వెళ్ళి మైకు లాక్కోవాల్సింది అని తర్వాత నాకు ఇద్దరు ముగ్గురు ఫోన్లో సలహా ఇచ్చారు. వాళ్ళూ అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్ళ కాళ్ళు బాగానే ఉన్నాయి.

అమ్మాయి ఆ ఏప్రిల్‌లో ప్రో టూరుకు తన డబ్బుతోనే వెళ్ళింది. రెండో రౌండులో ఓడింది. తర్వాత ఎవరూ ఆమె వెనక డబ్బు పెట్టలేదు. ఇప్పటికీ పొద్దున కాఫీ షాపు, సాయంత్రం కుర్రాళ్ళకు ఆట నేర్పడం, కూడబెట్టుకున్నదానితో ఏడాదికి అయిదారు ఆటలు. శాలువా సంగతి ఎవరో ఆమెకు వీడియో పంపారట. నాకు ఫోన్ చేసింది. ఏడుస్తుందేమోనని సిద్ధపడ్డాను.

"చూశాను ఆంటీ. కలర్ బాలేదు" అంది.

"నీకు కోపం రావడం లేదూ?"

"వచ్చింది. కానీ ఇప్పుడు టల్సాలో ఉన్నాను. నిన్న మ్యాచ్ ఆడాను. ఓడిపోయాను."

"ఎంత పోయింది?"

"ఎయిట్ హండ్రెడ్."

"ఎనిమిది వందలా! ఎన్ని వారాల కాఫీలే అవి? నవ్వుతున్నావేమిటి?"

"నావే ఆంటీ" అంది. ఇంకా నవ్వుతూనే ఉంది. "మొత్తం నావే. ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు."